లక్ష్మీరాజం మీద పడ్డ నింద, దాని ఇంగ్లీషు పేరు

సాంచలు నడుస్తున్నప్పుడు కార్ఖానాలో మాట వినబడదు. పక్కన నిలబడి అరిచినా వినబడదు. అందుకని సూరత్‌లో సాంచల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసే మనవాళ్లు చేతులతో మాట్లాడుకుంటారు. బొటనవేలు నోటి దగ్గరికి పోతే చాయ్. రెండు వేళ్లు కత్తెరలా ఆడితే దారం తెగింది. గడ్డం నిమిరితే సేఠ్ వస్తున్నాడు. ఇప్పటి సేఠ్‌కు గడ్డం లేదు. వాళ్ల నాన్నకు ఉండేది.

మనిషికో గుర్తు కూడా ఉంటుంది. పేరు పెట్టి పిలవలేని చోట ఆ గుర్తే పేరు. ముక్కు మీద వేలు పెట్టి పైకి తోస్తే లక్ష్మీరాజం. అతని కళ్లజోడుకు ఒక కాడ లేదు. ఆ వైపు నైలాన్ దారం కట్టి చెవికి చుట్టుకుంటాడు. అది ఎప్పుడూ జారుతుంది, అతను ఎప్పుడూ తోస్తాడు. అరచెయ్యి చెంపకు ఆనించి తల వంచితే గణపతి. అంటే నిద్ర. గణపతి ఒకనాడు సాంచల మధ్య నిలబడే కునుకు తీశాడు. అది చూసిన లక్ష్మీరాజం ఆ గుర్తు పెట్టాడు. గణపతి అతని భార్య భూదేవికి తమ్ముడు. బావ బామ్మర్దిని ఆట పట్టించడంలో తప్పేమీ లేదని లక్ష్మీరాజం అనుకున్నాడు. కానీ ఒకరోజు సేఠే స్వయంగా వచ్చి, గణపతి ఎక్కడని అడగడానికి చెయ్యి చెంపకు ఆనించాడు. ఆ రోజు నుంచి గణపతి బావతో కలిసి చాయ్ తాగలేదు.

లక్ష్మీరాజం సిరిసిల్ల పక్క ఊరివాడు. చిన్నప్పుడు తండ్రి దగ్గర చేతిమగ్గం నేర్చుకున్నాడు. మీసాలు వచ్చీ రాకముందే సూరత్ రైలెక్కాడు. ఇక్కడ చేతిమగ్గంతో పనిలేదు. పాలిస్టర్ చీరల బట్ట వరస సాంచల మీద దానంతట అదే దిగుతుంది. మనిషి తెగిన దారం అతకాలి, దారం అయిపోయిన కండె మార్చాలి, మిగతా వేళ నిలబడాలి. లక్ష్మీరాజం బాగా నిలబడతాడు. డిండోలి వైపు రెండు గదుల ఇల్లు, ముందు గదిలో టీవీ, వెనక గదిలో భూదేవి కోపం. కూతురు ప్రసన్న ఇంగ్లీషు టీచరు. రోజూ బస్సులో బార్డోలీ పోయి, చెరకు ఫ్యాక్టరీ వాళ్ల పిల్లలకు పాఠం చెప్పి వస్తుంది.

ఏడాదిలో ఒక్క రోజు మాత్రం లక్ష్మీరాజం ఊరికే నిలబడడు. ఆ రోజు అతను కూర్చుంటాడు. నూలు పున్నమి, అంటే శ్రావణ పున్నమి నాడు మార్కండేయ స్వామి ఊరేగింపు తీస్తారు. ముందు డోలు, వెనక ఆడవాళ్ల కోలాటం, మధ్యలో లారీ. లారీ మీద చేతిమగ్గం. ఊరేగింపు సాగినంతసేపూ ఆ మగ్గం మీద బట్ట నేస్తారు. గుడి చేరాక ఆ బట్ట కోసి స్వామికి కడతారు. అది కులాచారం. వాడలో పడుచువాళ్లెవరికీ చేతిమగ్గం రాదు. వచ్చిన ముసలివాళ్లకు మోకాళ్లు వంగవు. అందుకని ఆ పీట మీద ఎన్నో ఏళ్లుగా లక్ష్మీరాజమే. ఆ ఒక్కరోజు అతన్ని జనం చేతులెత్తి మొక్కుతూ చూస్తారు. మొక్కు దేవుడికే అయినా, లారీ మీద దేవుడి కన్నా ముందు కూర్చునేది అతను.

ఆషాఢం చివర్లో ఒక పగలు, అతను కండె మారుస్తూ తల ఎత్తాడు. అవతలి వరసలో పనిచేసే మల్లేష్ ముక్కు మీద వేలు పెట్టి పైకి తోశాడు. తన గుర్తే. తర్వాత చేతిమగ్గం మీద నాడెను అటూ ఇటూ విసిరినట్టు చెయ్యి ఆడించాడు. తర్వాత ఖాళీ అరచెయ్యి చూపి ఉఫ్ మని ఊదాడు. చివరికి, ప్లాస్టిక్ కవర్లోంచి మడత బట్ట లాగినట్టు లాగాడు. ఆ పక్కవాడు నవ్వాడు. నవ్వి, తన పక్కవాడికి అదే చూపాడు.

లక్ష్మీరాజానికి ఇందులో అర్థం కానిది ఏమీ లేదు. బండి మీద మగ్గం ఉత్త నాటకం. అతను నేసేది సున్నా. దేవుడికి కట్టేది దుకాణంలో కొన్న ధోవతి.

అతను సాంచ ఆపాడు. దారం తెగకుండా అతను సాంచ ఆపడం అదే మొదలు.

సాయంత్రానికి ఆ మాట చేతుల నుంచి నోళ్లకు దిగింది. గలీ మొదట్లో కూరగాయల బండి పెట్టే పోశమ్మ అతన్ని ఆపింది.

"ఏమయ్యా లక్ష్మీరాజం, దేవుని బట్ట రింగ్ రోడ్ల కొంటవటగద. మా మనుమని పెండ్లున్నది. మాకు గూడ ఒక జత తేరాదు, హోల్‌సేల్‌ల."

"ఎవలన్నరు నీకు?"

"అందరు అంటున్నరు. ఒక్కలు అంటే నేను ఇంటనా?"

మూడు రోజులు గడవకముందే కులసంఘం అధ్యక్షుడు సోమలింగం కబురు పెట్టాడు. సోమలింగానికి రింగ్ రోడ్డు మార్కెట్లో ధోవతులు, తువ్వాళ్ల దుకాణం ఉంది. అతను నిదానంగా మాట్లాడతాడు, నిదానంగానే చెడ్డమాట చెబుతాడు.

"లక్ష్మీరాజం, జనం నోరు మనం ముయ్యలేం. ఈసారి మన వాడల పోరడు బుచ్చిరాములును కూసోబెడ్దాం. నువ్వు ముంగట కొబ్బరికాయ కొట్టు."

"బుచ్చిరాములుకు మగ్గం అస్తదా?"

"వీడియోలు చూస్తున్నడు."

లక్ష్మీరాజం కళ్లజోడు తోసుకున్నాడు. "సంఘంల కూసుందాం. అందరి ముంగట. గణపతిని గూడ పిలువు. మల్లేష్‌కు చూపింది ఆడేనట. ఆని ఎనుకనుంచే ఈ మాట పుట్టింది."

సోమలింగం ఆదివారం అన్నాడు.

ఆ సాయంత్రం ప్రసన్న బార్డోలీ నుంచి వచ్చి చెప్పులు విడుస్తుండగానే తండ్రి అడిగాడు.

"బిడ్డా, ఇంగ్లీషుల దీన్ని ఏమంటరు?"

"దేన్ని బాపు?"

"మీ మామ నన్ను జేసినదాన్ని."

"బద్నామ్ జేసిండు అను. సరిపోతది."

"బద్నామ్ వద్దు. ఈ గలీల రోజుకొకడు బద్నామ్ అయితడు. నింద గూడ వద్దు, అపవాదు గూడ వద్దు. గవి అంటే సోమలింగం ఊకె తల ఊపుతడు. బరువున్న మాట గావాలె. ఇంటెనే కూసున్నోడు లేచి నిలబడాలె."

ప్రసన్న కాళ్లు కడుక్కుంటూ ఆలోచించింది. "స్లాండర్ అంటరు."

"అంటే?"

"ఒకల మీద నోటితోని చెప్పే అబద్ధం."

"ఆడు నోరు తెరువలే. చేతులు ఊపిండు."

"లైబెల్ అని ఇంకోటున్నది. అది రాసేది."

"సంతకం పెడ్తనే ఆని చెయ్యి వణుకుతది. రాసుడెక్కడిది?"

వంటింట్లోంచి భూదేవి అంది: "నా తమ్ముని చెయ్యి వణుకుడు నువ్వు చూసినవా? నీ కండ్లకు సాంచనే సరిగ కనబడది."

"నువ్వు జర ఊకో. మేం ఇంగ్లీషు మాట్లాడుతున్నం."

ప్రసన్న తువ్వాలతో మొహం తుడుచుకుంది. "అయితే ఒకటున్నది బాపు. క్యాలమ్నీ."

లక్ష్మీరాజం టీవీ గొంతు తగ్గించాడు.

"మల్లొకసారి అను."

"క్యాలమ్నీ. ఇది నోటితోని అన్నా, రాసినా, చేతులతోని చూపినా ఒకటే. అబద్ధమని ఎరికుండి, ఇంకొకల పేరు పాడుజేసెటందుకే పుట్టిచ్చిన అబద్ధం. మామూలు మాటలల్ల ఎవ్వరు వాడరు. పుస్తకాలల్ల, కోర్టులల్ల కనబడ్తది."

"ఎవ్వరికి ఎరికలేదా?"

"చానా తక్కువ మందికి."

"మంచిది," అన్నాడు లక్ష్మీరాజం. అతను లేచి, చొక్కా వేసుకుని, చాయ్ తాగే పని లేకపోయినా చాయ్ దుకాణానికి పోయాడు.

ఆ వారం అంతా పదం అతనితో తిరిగింది. మొదట పోశమ్మకు అందింది.

"పోశవ్వా, నువ్వు ఆనాడు నా మీద అన్నది ఏందో ఎరికేనా? క్యాలమ్నీ."

"గదేంది? తిట్టా?"

"తిట్టు గాదు. కోర్టు మాట. జైలు పడ్తది."

పోశమ్మ భయపడలేదు, కానీ మాట దాచుకుంది. మరునాడు ఒకామె వంకాయ విరిచి పుచ్చిందన్నప్పుడు తీసి వాడింది. "క్యాలమ్నీ మాట్లాడకు బిడ్డా. జైలు పడ్తది." ఆ తర్వాత పాలవాడి మీద నీళ్లు కలిపాడన్న మాట వస్తే పాలవాడు అదే అన్నాడు. కార్ఖానాలో దానికి గుర్తు కూడా పుట్టింది: కళ్లజోడు పైకి తోసి, చూపుడువేలు ఆడించడం. కండె ఆలస్యంగా మార్చావని ఎవరైనా అంటే చాలు, అవతలివాడు లేని కళ్లజోడు తోసి వేలు ఆడించేవాడు.

ఇది ప్రసన్నకు నచ్చలేదు. ఆమె అన్నింటినీ సహిస్తుంది కానీ పదాన్ని తప్పుగా వాడితే సహించదు. బస్సు దిగి నేరుగా పోశమ్మ బండి దగ్గరికే వచ్చింది.

"పోశవ్వా, వంకాయ నిజంగ పుచ్చితే అది క్యాలమ్నీ కాదు."

"పుచ్చలే బిడ్డా. మచ్చ అది."

"ఆమెకు పుచ్చినట్టే కనబడ్డది. నమ్మి అన్నది. అప్పుడు గూడ కాదు."

"మరెప్పుడైతది?"

"పుచ్చలేదని మంచిగ ఎరికుండి, నీ బేరం చెడగొట్టెటందుకే పుచ్చింది అనాలె. అప్పుడైతది."

పోశమ్మ వంకాయను అటూ ఇటూ తిప్పి చూసింది. "గంత తెలివున్నోళ్లు నా దగ్గర వంకాయలు కొనరు బిడ్డా," అంది.

ఆదివారం గుడి వెనక హాల్లో సంఘం కూర్చుంది. ఒక ఫ్యాను తిరుగుతోంది, ఒకటి తిరగడం లేదు. గోడకు ఈ ఏటి ఊరేగింపు కోసం కొట్టించిన కొత్త ఫ్లెక్సీ చుట్ట ఆనించి ఉంది. సోమలింగం కుర్చీలో, మిగతావాళ్లు జంపఖానా మీద. లక్ష్మీరాజం ఒక వైపు, గణపతి ఇంకో వైపు. భూదేవి గుమ్మం దగ్గర కూర్చుంది. ఎవరి వైపూ కాదన్నట్టు.

లక్ష్మీరాజం లేచాడు. వారం రోజులుగా దాచుకున్నదంతా ఒక్కసారిగా చెప్పాడు.

"పెద్దమనుషులారా, గణపతి నా మీద క్యాలమ్నీ జేసిండు."

ఎవరూ లేచి నిలబడలేదు. ఈపాటికి ఆ మాట అందరికీ అలవాటైపోయింది. వెనక ఎవడో లేని కళ్లజోడు తోసుకున్నాడు.

సోమలింగం గణపతి వైపు తిరిగాడు. "ఏమంటవు?"

గణపతి పొట్టిగా, గుండ్రంగా ఉంటాడు. మాట్లాడేటప్పుడు ఇప్పుడే లేచినట్టు ఉంటాడు. ఆ గుర్తు అతనికి అతుక్కోవడానికి అదీ ఒక కారణం.

"నేను చూసిందే చూపిన," అన్నాడు. "పోయినేడు ఊరేగింపుల బావకు నీళ్ల సీసా ఇద్దామని లారీ ఎక్కిన. పీట కింద ప్యాకెట్ ఉండె. ప్లాస్టిక్ కవర్ల మడతబెట్టిన కొత్త ధోవతి. గుడికాడికి వచ్చినంక స్వామికి కట్టింది గదే. జరీ అంచు నాకు యాదికున్నది. బండి మీద ఉత్త తెల్ల నూలు, జరీ అంచు ఏడికెల్లి అస్తది?"

"ఏడాది దాంక ఊకున్నవు గద?" అన్నాడు సోమలింగం.

"ఊకున్న. బావ పరువు అని ఊకున్న. కని బావ నా పరువు చూసిండా? సేఠ్ నన్ను ఏమని పిలుస్తున్నడు?" గణపతి చెయ్యి చెంపకు ఆనించి చూపించాడు. జంపఖానా అంతా నవ్వింది. అతను చెయ్యి దించేశాడు. "గందుకే మల్లేష్‌కు చూపిన. కని నేను అడిగిన అంతే. బావ నేస్తలేడా ఏంది అని అడిగిన. కనుబొమ్మలు ఎత్తి అడిగిన."

"మరి మల్లేష్ అట్లనే జెప్పలేదు గద."

"ఆడే మధ్యల కనుబొమ్మలు పడగొట్టిండు."

మల్లేష్ లేచాడు. "నాకు చేతులు గనబడ్డయి, చెప్పిన. నీ కనుబొమ్మలు చూసెటందుకు నువ్వేమన్న పెండ్లిపిల్లవా?"

నవ్వులు ఆగాయి. అందరూ కార్ఖానా మనుషులే. వాళ్ల చేతులకు ఉన్నదాన్ని చూపడం వచ్చు, లేనిదాన్ని చూపడం వచ్చు. ఏమో, కావచ్చు అని చూపడానికి గుర్తు లేదు. దాని అవసరం ఇన్నాళ్లూ రాలేదు.

"అబద్ధమని ఎరికుండి అన్నవా, ఎరికలేక అన్నవా?" లక్ష్మీరాజం గట్టిగా అడిగాడు. "గది తేలాలె. మా బిడ్డ టీచరు. ప్రసన్నా, నువ్వు లేచి క్యాలమ్నీ అంటే ఏందో చెప్పు."

ప్రసన్న లేచింది. తండ్రిని చూసింది, మామను చూసింది. బడిలో నిలబడ్డట్టే నిలబడింది.

"అబద్ధమని ఎరికుండి చెప్పాలె. పేరు పాడుజేసెటందుకే చెప్పాలె. రెండూ ఉండాలె."

"ఇన్నరా," అన్నాడు లక్ష్మీరాజం.

"కని మామకు అది అబద్ధమని ఎరికలేదు బాపు. కండ్లతోని ప్యాకెట్ చూసిండు. నమ్మిండు."

"అంటే?"

"అంటే ఇది క్యాలమ్నీ కాదు."

లక్ష్మీరాజం కళ్లజోడు జారింది. తోసుకోలేదు. "బిడ్డా, నీకు బాపు గావాల్నా, డిక్షనరీ గావాల్నా?"

"బాపే గావాలె. కని పదం ఇది కాదు."

గుమ్మం దగ్గర భూదేవి కొంగుతో నోరు మూసుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో చెప్పడం కష్టం.

ప్రసన్న ఇంకా కూర్చోలేదు. "నాకొక్కటి సమజ్ కాలే. బాపు కొనలేదు. మామ చూసిండు. మరి ఆ ప్యాకెట్ ఎవలది?"

"దాని మీద చీటీ గూడ ఉండె," అన్నాడు గణపతి. అతనికి అప్పుడే గుర్తుకొచ్చినట్టుంది. "ఎర్ర చీటీ. రెండు ఏనుగులు. సోమలింగం సేఠ్ దుకాణం చీటీ."

తిప్పగలిగిన ప్రతి తలా కుర్చీ వైపు తిరిగింది. సోమలింగం తిరగని ఫ్యానును చూస్తున్నాడు.

"జాగ్రత్తకు పెట్టిన," అన్నాడు. "దేవుని పని. ఏమన్న తక్కువైతే మల్ల?"

"ఒక్క పోయినేడేనా?" అని అడిగింది ప్రసన్న.

సోమలింగం బదులు పూజారి సాంబయ్య జవాబు చెప్పాడు. అతను స్తంభం చాటున ఉన్నాడు. "ప్రతి ఏడు. మొదటి ఏడు లక్ష్మీరాజం నేసిందే కట్టిన. నడుముకాడ నిలువలే. హారతి ఇస్తుండంగనే జారింది. అందరు కండ్లు మూసుకుని మొక్కుతుండ్రు గనుక సరిపోయింది. ఆ తెల్లారే నేను సోమలింగం కాళ్లు పట్టుకున్న. నాకొక ధోవతి ఇప్పియ్యి అన్న. తప్పు నాదే."

నింద పడ్డప్పుడు లక్ష్మీరాజం సాంచ ఆపాడు, అరిచాడు, ఇంగ్లీషు నేర్చుకున్నాడు. ఇప్పుడు ఏమీ చేయలేదు. జంపఖానా మీద కూర్చుని దాని అంచు వేళ్లతో పట్టుకున్నాడు. ప్రతి ఏడూ హారతి వేళకు అతను లారీ మీద పడుగు విప్పుతూ ఉండేవాడు. ఇన్నేళ్లూ అతను నేసింది నేశాడు. స్వామి కట్టుకున్నది కట్టుకున్నాడు. ఈ రెండింటికీ సంబంధం లేదు. ఈ సంగతి ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు, దేవుణ్ణి కలిపితే ముగ్గురికి.

"నా బట్టలేమైనయి?" అని అడిగాడు.

"ఉన్నయి. దేవుని పేరు మీద నేసినయి, పారేస్తమా?" సాంబయ్య లోపలికి పోయి, ఇత్తడి దీపాల వెనక నుంచి ఒక మూట తెచ్చాడు. విప్పి జంపఖానా మీద పరిచాడు.

తెల్లటి నూలు బట్టలు. అన్నీ ఒకే పొడవు కావు. ఏ ఒక్కటీ ఒకే వెడల్పు కాదు. ఒకచోట మందంగా, కంబళిలా ఉంటుంది. జానెడు పోయాక పలచబడి, చెయ్యి పెడితే వేళ్లు కనబడతాయి. అంచులు వాగు గట్టులా వంకర తిరిగాయి. నేతవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

గణపతి ముందుకు జరిగాడు. ఒక బట్టను ఎత్తి కిటికీ వెలుగుకు పట్టుకున్నాడు. అతని నిద్రమొహం మారింది.

"బావా, ఇది పోయినేటిదేనా?"

లక్ష్మీరాజం తల ఊపాడు.

"ఈడ మందంగ ఉన్నది. ఈడ లారీ నిలబడ్డది. చౌరస్తాల కోలాటం ఆడంగ ఆగినం, అదే. నువ్వు నిలబడ్డ బండి మీద మస్తుగ నేసినవు." వేలు ముందుకు జరిపాడు. "ఈడ పేక ఎగిరిపోయింది. ఇది రైలు ఫాటక్ కాడి గుంత. నాకు యాదికున్నది, డోలు కొట్టేటోడు గూడ పడ్డడు. ఈడ చూడుండ్రి, పోగులు ఒక దిక్కు గుంజినయి. డ్రైవర్ బ్రేక్ ఏసిండు. బర్రె అడ్డమొచ్చింది."

మల్లేష్ వంగి చూశాడు. "బర్రె కాదు, టెంపో."

"బర్రెనే. నేను ముంగట ఉన్న."

ఇద్దరు ముగ్గురు లేచి వచ్చారు. ఒక్కో బట్టా ఒక్కో చేతికి పోయింది. ఇది వాన పడ్డ ఏడాది, నూలు తడిసింది. ఇది కొత్త డ్రైవర్ ఏడాది. ఇది డ్రైనేజీ తవ్విన ఏడాది. అయ్యో, ఇందులో బట్ట కన్నా సందులే ఎక్కువ. కాసేపటికి హాల్లో సంఘం లేదు, తీర్పు లేదు. సాంచల మనుషులు బట్టలోంచి రోడ్డు చదువుకుంటున్నారు.

గణపతి బట్ట కింద పెట్టాడు. "పెద్దమనుషులారా, నేను అన్నది తప్పు. బావ బండి మీద నేసిండు. ఒట్టు. గిసొంటి బట్ట దుకాణంల దొరకది. కావాల్నని నేసినా రాదు."

నవ్వు పుట్టి, హాలంతా తిరిగి, సోమలింగం కుర్చీ దాకా వచ్చి అతన్ని కూడా పట్టుకుంది. లక్ష్మీరాజం ఒక్కడే నవ్వలేదు. అతని నిజాయితీ నిలబడింది. నేత పనితనం పోయింది.

"ఇన్నవా బిడ్డా?" అన్నాడు ప్రసన్నతో. "నా బట్ట బాగలేదంటున్నడు. గిదైతే క్యాలమ్నీ?"

ప్రసన్న బట్టను చూసింది. అంచును వేళ్లతో తడిమింది.

"కాదు బాపు. అది నిజం."

లక్ష్మీరాజం లేచి నిలబడ్డాడు. "అయితే నేను కూసోను. దేవుడు కట్టుకోని బట్ట నేనెందుకు నెయ్యాలె? బుచ్చిరాములునే కూసోబెట్టుండ్రి."

అందరూ బుచ్చిరాములు వైపు చూశారు. అతను అప్పటికే గుమ్మం దాకా జరిగాడు. "నాతోని కాదు," అన్నాడు. "ఏడాది గడిచినంక నా బట్టను గూడ గిట్ల కిటికీకి పట్టి చదువుతరు గద. నేను వీడియోలు గూడ చూడ."

సోమలింగం నవ్వు ఆగిపోయింది. నూలు పున్నమి ముంచుకొస్తోంది. బ్యాండుకు మాట ఇచ్చారు. మగ్గం లేకుండా లారీ పోతే అది పెళ్లి సామాను లారీ. "లక్ష్మీరాజం, అట్లంటే ఎట్ల? నీ పేరు మీద మచ్చ లేదని తేలిపాయె. ఇంకేం గావాలె?"

లక్ష్మీరాజం గోడకు ఆనించిన ఫ్లెక్సీ చుట్ట వైపు చూశాడు. ప్రతి ఏడూ లారీ రెండు పక్కలా అవే కడతారు. స్వామి చిన్నగా, సోమలింగం పెద్దగా, కింద కార్యవర్గం. వాటి వెనక మగ్గం ఉంటుంది. రోడ్డు మీది వాళ్లకు లక్ష్మీరాజం భుజాల పైనుంచి కనబడతాడు. చేతులు కనబడవు.

"రెండు మాటలు," అన్నాడు. "ఒకటి, బండికి ఒక దిక్కు ఫ్లెక్సీ కట్టొద్దు. నేను నేసుడు అందరు చూడాలె. రెండోది, ఎట్లున్నా, నేను నేసిందే స్వామికి కట్టాలె."

సాంబయ్య స్తంభం పట్టుకున్నాడు. "మల్ల జారితే?"

"పిన్నీసు పెట్టు."

సోమలింగానికి రెండోదానితో ఇబ్బంది లేదు. మొదటిదాని దగ్గర ఆగాడు. "ఒక దిక్కు తీసేస్తే నా మొఖం..."

"నీ మొఖం ఇంకో దిక్కు ఉంటది సేఠ్," అంది భూదేవి గుమ్మం దగ్గర నుంచి. ఆమె ఆ రోజు మాట్లాడిన మొదటి మాట అది. "ఒక్క ఏడు ఒక దిక్కు మొక్కుతరు, ఏమైతది?"

ఆ తర్వాత వాదించడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

నూలు పున్నమి నాడు ముసురు. జంధ్యాలు మార్చుకుని అందరూ లారీ చుట్టూ చేరారు. లక్ష్మీరాజం కొత్త జంధ్యం మీద కొత్త బనీను తొడుక్కుని పీట మీద కూర్చున్నాడు. ఎడమ పక్క సోమలింగం నవ్వు నీళ్లు కారుతోంది. కుడి పక్క ఖాళీ. అటువైపు నుంచి మగ్గం, పడుగు, నాడె, రెండు చేతులు, కాలి చెక్కల మీద రెండు పాదాలు, అన్నీ కనబడుతున్నాయి. అలా కనబడతాయని లక్ష్మీరాజం ముందే అనుకున్నాడు కానీ, ఇంతగా అనుకోలేదు. చెయ్యి మొదట్లో బిగుసుకుంది.

గణపతి కుడి పక్కనే నడిచాడు. ఎవరూ పొమ్మనలేదు. కార్ఖానాలో అతని గుర్తు మారలేదు. అలవాటైన గుర్తును మార్చడం ఎవరి చేతిలోనూ ఉండదు. లక్ష్మీరాజం ఒకటి రెండు రోజులు అతన్ని వేరే గుర్తుతో పిలిచి చూశాడు. గణపతి పలకలేదు, తనను కాదనుకుని. చాయ్ మాత్రం మళ్లీ కలిసే తాగుతున్నారు.

"బావా, గుంత!" అని అరిచాడు గణపతి.

లక్ష్మీరాజం నాడె పట్టుకుని ఆగాడు. లారీ గుంతలో దిగి, ఎక్కింది. మళ్లీ నేశాడు.

"బావా, బ్రేకరు!"

మళ్లీ ఆగాడు. వరసగా రెండు మూడు వీధులు ఇలాగే సాగాయి. గుంత లేనిచోట కూడా గణపతి కేక కోసం లక్ష్మీరాజం చెవి పెట్టుకుని ఉండడంతో, చక్కటి రోడ్డు మీద కూడా పేక వదులుగా పడింది. "నువ్వు జర నోరు ముయ్యిరా," అన్నాడు చివరికి. "గుంతల నేసుడే నాకు అలవాటు." గణపతి నోరు మూశాడు. మూసి, గుంత వచ్చినప్పుడల్లా కళ్లు మూసుకున్నాడు.

జనం చూశారు. పోశమ్మ బండి వదిలి వచ్చి, లారీ పక్కన కొంతదూరం నడిచింది. "నిజంగనే నేస్తున్నడు," అంది అందరికీ వినబడేలా. కాసేపాగి, "నేసుడైతే నేస్తున్నడు," అంది.

గుడి చేరేసరికి వాన నిలిచింది. సాంబయ్య కత్తెర పట్టాడు. బట్ట మగ్గం మీద నుంచి దిగింది. పోయినేటి దాని కన్నా బాగుందని చెప్పడానికి లేదు. దాన్ని పళ్లెంలో పెట్టుకుని సాంబయ్య లోపలికి పోయాడు. తలుపు వేయలేదు. వేయొద్దని లక్ష్మీరాజం ముందే అన్నాడు. అందరూ చూస్తుండగా స్వామి నడుము చుట్టూ తిప్పాడు. ముందు వైపు సరిపోయింది. వెనక వైపు రెండు కొసలు ఒకదాన్ని ఒకటి అందుకోలేకపోయాయి. ఎడమ మోకాలి మీద ఫాటక్ గుంత పడింది. స్వామి మోకాలు దాంట్లోంచి కనబడింది.

సోమలింగం సంచీలో చెయ్యి పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు.

లక్ష్మీరాజం గడప దగ్గర నిలబడి చాలాసేపు చూశాడు. నేతవాడు బట్టను చూసినట్టే చూశాడు. తర్వాత సోమలింగం వైపు చెయ్యి చాపాడు.

"ఇటు తే."

సోమలింగం ప్యాకెట్ ఇచ్చాడు. లక్ష్మీరాజం ఏనుగుల చీటీ తీసేసి, ధోవతి మడత విప్పి, సాంబయ్యకు అందించాడు.

"ఇది లోపట కట్టు. మీద నాది కట్టు."

సాంబయ్య అలాగే కట్టాడు. పిన్నీసు పెట్టాడు. హారతి వెలిగింది. ఈసారి ఎవరూ కళ్లు మూసుకోలేదు.

ఆడవాళ్ల వరసలో పక్కనున్న కిమ్ ఊరి నుంచి వచ్చిన ఒకామె మెడ ముందుకు చాచింది. ఊరేగింపుకు కొత్త అయి ఉంటుంది. "స్వామి బట్ట ఎవలు నేసిన్రు?" అని గట్టిగా అడిగింది. అడిగిన తీరులో మెచ్చుకోలు ఉందో, ఇంకేం ఉందో తెలియలేదు.

"మా బావ," అన్నాడు గణపతి, గుడి అంతా మోగేలా. "ఒక్కడే నేసిండు. నేను చూసిన."

అన్ని తలలూ తిరిగాయి. లక్ష్మీరాజం కళ్లజోడు తోసుకుని, ఎవరినీ చూడకుండా లారీ వైపు నడిచాడు. మగ్గం మీద మిగిలిన పడుగు ఇంకా విప్పాల్సి ఉంది.